సూది వైద్యానికి వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

మా గుడారిలో ఈ మధ్య ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నా మోకాళ్ల మాటే. వంశధార ఒడ్డున వరి నాట్లు వేసి, పత్తి ఏరి, నీళ్ల బిందెలు మోసి, నలభై ఏళ్లు దాటేసరికి ఆడవాళ్లకు నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయి. నొప్పి బిళ్లలు మింగితే కడుపులో మంట. మానేస్తే మెట్టు ఎక్కలేరు. ఇలాంటి సమయంలో “విశాఖపట్నంలో సూదులు గుచ్చి నొప్పులు తీసేస్తన్నారట” అనే మాట ఊళ్లోకి వచ్చింది. సగం మంది “అదంతా మోసం” అన్నారు. సగం మంది “పది సూదులతో అంతా పోద్ది” అన్నారు. రెండూ పూర్తి నిజం కాదు.

పోయిన వేసవి సెలవుల్లో మా అమ్మమ్మను ఆక్యుపంక్చర్ వైద్యానికి తీసుకెళ్లింది నేనే. రాయగడ వచ్చి రైలెక్కి, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ చేరి, మా పిన్ని ఇంట్లో దిగాం. ఐదు వారాల్లో పది సార్లు ఆ వైద్యశాలకు వెళ్లాం. పక్కనే కూర్చుని చూసింది, డాక్టరమ్మను అడిగి తెలుసుకుంది, తర్వాత మన లైబ్రరీలో చదివింది అన్నీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మన కాలేజీలో గుణుపురం, రాయగడ, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఇళ్లలో అమ్మకో నాయనమ్మకో ఏదో ఒక నొప్పి ఉండనే ఉంటుంది. ఆ వైద్యానికి వెళ్లాలా వద్దా, వెళ్తే ఏం జరుగుతుంది, దేనికి ఆశపడాలి, దేనికి పడకూడదు అన్నది తెలిసి వెళ్తే డబ్బూ మిగులుతుంది, ఒక్కోసారి ప్రాణమూ మిగులుతుంది.

పేరులోనే రెండు పనులు

తెలుగు శాఖ పత్రిక కాబట్టి మాటతోనే మొదలుపెడదాం. ‘ఆక్యుపంక్చర్’ చైనా మాట కాదు. లాటిన్‌లో ‘ఆకుస్’ అంటే సూది, ‘పంక్తూరా’ అంటే గుచ్చడం. ఈ పేరు ఐరోపా వాళ్లు పెట్టుకున్నది. చైనాలో దీన్ని ‘జెన్‌జ్యూ’ అంటారు. జెన్ అంటే సూది, జ్యూ అంటే ఆకుపొడిని కాల్చి సెగ పెట్టడం. అంటే వాళ్ల లెక్కలో సూది ఒక్కటే వైద్యం కాదు. సూదీ సెగా జంట. మనం సగం పేరు మాత్రమే తెచ్చుకున్నాం.

ఇంకో గందరగోళం కూడా ఉంది. ఎగ్జిబిషన్లలో ముళ్ల చెప్పులు, చెక్క రోలర్లు అమ్ముతారు కదా, అది ఆక్యుప్రెషర్. దానిలో సూదులుండవు. వేలితోనో చెక్కతోనో నొక్కడమే. రెండూ ఒకే లెక్క మీద నడుస్తాయి గానీ, సూది చర్మం లోపలికి వెళ్తుంది కాబట్టి ఆక్యుపంక్చర్‌కు శిక్షణ, శుభ్రత తప్పనిసరి.

ఆ లెక్క ఏమిటంటే: ఒంట్లో ‘చీ’ అనే ప్రాణశక్తి కొన్ని దారుల్లో ప్రవహిస్తుందని, అది ఎక్కడైనా అడ్డుపడితే నొప్పి, జబ్బు వస్తాయని పాత చైనా వైద్యుల నమ్మకం. ముఖ్యమైన దారులు 12. వాటి మీదా, ఒంటి నడిమిగీతల మీదా కలిపి సంప్రదాయంగా లెక్కించే బిందువులు 361. మన ఆయుర్వేదం వాత, పిత్త, కఫాల గురించి చెప్పినట్టే వాళ్లు యిన్, యాంగ్ అనే రెండు ఎదురెదురు గుణాల సమతూకం గురించి చెబుతారు. ఒళ్లు కోసి చూస్తే ఈ దారులు కనబడవు. నరాల్లా, రక్తనాళాల్లా అవి అవయవాలు కావు. దీన్ని ఒక పాత కాలపు పటంగా చూడాలి. పటం సరైనదా, ఆ పటం పట్టుకుని చేసే వైద్యం పనిచేస్తుందా అనేవి రెండు వేరు వేరు ప్రశ్నలు. రెండో ప్రశ్న దగ్గరికి తర్వాత వస్తాను.

చైనా నుంచి మన దాకా

ఈ వైద్యానికి మూలగ్రంథం ‘హువాంగ్‌ది నైజింగ్’. అది రెండు వేల ఏళ్ల కిందటిది. అయితే అప్పటి నుంచి ఇప్పటి దాకా చైనాలో దీనికి ఎప్పుడూ పూలదండలే పడ్డాయనుకోవద్దు. 1822లో చక్రవర్తి దీన్ని ఆస్థాన వైద్య విద్యాలయం నుంచే తీసేయించాడు. 1949 తర్వాత కొత్త ప్రభుత్వం, ఇన్ని కోట్ల మందికి డాక్టర్లు చాలరని, పాత వైద్యాన్ని మళ్లీ పైకి తెచ్చింది. పల్లెల్లో కొద్దిపాటి శిక్షణ పొందిన ‘బేర్‌ఫుట్ డాక్టర్లు’ మందులతోపాటు సూదులు కూడా పట్టుకుని తిరిగేవారు.

మన దేశానికి ఇది వచ్చిన దారి మాత్రం చాలామందికి తెలియదు. జపాన్ సైన్యం చైనా మీద పడినప్పుడు, 1938లో కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను అక్కడికి పంపింది. వారిలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్ అందరికీ తెలిసిన పేరు. ఆయనది సోలాపూర్. మన తెలుగు పద్మశాలీలు మగ్గాలతో వెళ్లి స్థిరపడిన ఊరే అది. గాయపడిన సైనికులకు వైద్యం చేస్తూ 1942 డిసెంబరులో, 32 ఏళ్లకే, ఆయన చైనాలో చనిపోయారు. అదే బృందంలో వెళ్లి తిరిగొచ్చిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు, తర్వాత మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. అందుకే పశ్చిమ బెంగాల్‌లో దీనికి వేళ్లు లోతుగా దిగాయి. 1996లో అక్కడ దీనికి ప్రత్యేకంగా చట్టం కూడా చేశారు. 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. విధానాన్ని గుర్తించడం వేరు, బోర్డు కట్టిన ప్రతి మనిషినీ గుర్తించడం వేరు. ఇది మరిచిపోవద్దు.

మొదటి రోజు: సూది కన్నా ముందు మాటలు

మా అమ్మమ్మ భయమంతా సూది మీదే. కానీ మొదటి రోజు ముప్పావు గంట వరకు సూది బయటికే రాలేదు. డాక్టరమ్మ ప్రశ్నలే అడిగారు. నొప్పి ఎప్పుడు మొదలైంది? పొద్దున లేవగానే ఎక్కువా, పని చేశాక ఎక్కువా? నిద్ర ఎలా పడుతుంది? విరేచనం సాఫీగా అవుతుందా? చలి పడదా, ఎండ పడదా? నోరు చేదా? వయసు ఆడపిల్లలైతే నెలసరి గురించి కూడా అడుగుతారు. సిగ్గుపడి అబద్ధం చెప్పొద్దు.

తర్వాత నాలుక చూస్తారు. రంగు, మీద ఉన్న పాచి, అంచుల్లో పంటి గుర్తులు గమనిస్తారు. కాబట్టి ఆ పూట కిళ్లీ, పసుపు పాలు, రంగు మిఠాయి తిని వెళ్లకండి. మా అమ్మమ్మ ఒక్కపలుకు వేసుకుని వస్తే “మామ్మగారూ, ఇప్పుడు నాలుక ఎలా చదవమంటారు?” అని నవ్వేశారు. తర్వాత నాడి. రెండు చేతుల మణికట్టు దగ్గర మూడేసి వేళ్లు పెట్టి, ఒక్కో వేలి కింద తట్టు ఎలా ఉందో చూస్తారు. మన ఆయుర్వేద వైద్యులు నాడి పట్టడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

అయితే మంచి వైద్యులు నాడితో ఆగరు. మేం వెళ్లినచోట పాత ఎక్స్‌రే, వాడుతున్న మందుల చీటీ, బీపీ, షుగరు వివరాలు అన్నీ అడిగారు. ఎక్స్‌రేలో మోకాలి కీలు అరిగినట్టు కనబడింది. “అరిగిన కీలును సూది మళ్లీ పుట్టించదు మామ్మగారూ. నొప్పి కొంత తగ్గుతుందేమో చూద్దాం” అని మొదటి రోజే చెప్పారు. నాకు ఆ మాటతోనే నమ్మకం కుదిరింది. “ఖాయంగా నయం చేస్తాం” అని మొదటి రోజే చెప్పేవాళ్ల దగ్గర ఎంత త్వరగా లేస్తే అంత మంచిది.

సూది ఎలా ఉంటుంది? నొప్పి పుడుతుందా?

“ఏటే గుంటా, దబ్బనమంత ఉంటాదేటి?” అని అమ్మమ్మ దారి పొడుగునా అడిగింది. ఉండదు. ఇంజెక్షన్ సూది లోపల బోలుగా, గొట్టంలా ఉంటుంది, ఎందుకంటే దాని గుండా మందు వెళ్లాలి. ఆక్యుపంక్చర్ సూదిలో మందేమీ ఉండదు. అది గట్టి స్టీలు తీగ. లావు సుమారు పావు మిల్లీమీటరు. మామూలు ఇంజెక్షన్ సూది దీనికి రెండు రెట్లకు పైనే ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో సూదిని నిలబెట్టి, పైన వేలితో ఒక్క తట్టు తడతారు. చీమ కుట్టినంత చురుక్కు, అంతే. చాలాచోట్ల అది కూడా తెలియదు.

అసలు అనుభవం తర్వాత వస్తుంది. సూది కొంచెం లోపలికి దిగాక మెల్లగా తిప్పుతారు. అప్పుడు ఆ చోట బరువుగా, లాగినట్టు, తిమ్మిరెక్కినట్టు, ఒక్కోసారి సన్నగా కరెంటు పాకినట్టు ఉంటుంది. దీన్ని చైనా వైద్యులు ‘దచీ’ అంటారు. చీ వచ్చింది అని అర్థం. ఇది ఉండాల్సిందే, కంగారుపడక్కరలేదు. కానీ మండినా, గుచ్చుకున్న నొప్పి తగ్గకపోయినా వెంటనే చెప్పాలి. ఓర్చుకుంటే ఎక్కువ గుణం అనే లెక్క లేదు. మన ఆడవాళ్లకు ఓర్చుకోవడం అలవాటైపోయింది కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఇంకో విచిత్రం. నొప్పి ఉన్నచోటే సూదులు పెట్టాలని లేదు. మోకాలి నొప్పికి మోకాలి చుట్టూ కొన్ని పెట్టారు, మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, ఎముకకు బయటి పక్కన ‘జూ సాన్ లీ’ అనే చోట ఒకటి పెట్టారు, చేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ‘హెగూ’ అనే చోట కూడా పెట్టారు. “కాలు నొప్పంటే సెయ్యి గుచ్చతారేటి!” అని అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. వాళ్ల పటం ప్రకారం దారులు చేతి నుంచి, కాలి నుంచి తల దాకా సాగుతాయి కాబట్టి అలా పెడతారు.

మొత్తం పది, పదిహేను సూదులుంటాయి. పెట్టాక ఇరవై, ముప్పై నిమిషాలు కదలకుండా పడుకోవాలి. కొన్నిచోట్ల సూదులకు సన్నని వైర్లు తగిలించి తక్కువ కరెంటు పంపుతారు. టకటకమని కండ అదురుతుంది. చాలామందికి ఈలోపు నిద్ర పట్టేస్తుంది. తీసేటప్పుడు దూదితో నొక్కి తీస్తారు. ఒకటి రెండు చోట్ల బొట్టు రక్తం రావచ్చు, చిన్న నల్లమచ్చ పడొచ్చు. రెండు మూడు రోజుల్లో పోతుంది.

మాచిపత్రి సెగ, గాజు కప్పులు

సూదులకు జంట సెగ అని మొదట చెప్పాను కదా. దానికి వాడే ఆకు పేరు వింటే మీరు ఆశ్చర్యపోతారు. వినాయక చవితి పూజలో ఇరవై ఒక్క పత్రిలో మొదటగా పెట్టే మాచిపత్రి తెలుసుగా? ఆ జాతి మొక్కే. ఎండిన ఆకును దంచి, దూదిలా చేసి, కాగితంలో చుట్టి లావుపాటి అగరువత్తిలా తయారుచేస్తారు. దాన్ని వెలిగించి చర్మానికి అంగుళం ఎడంగా పట్టుకుంటారు. చర్మం గులాబీ రంగుకు వచ్చి వెచ్చగా హాయిగా ఉంటుంది. గదంతా ఘాటైన పొగ. ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే చెప్పాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన కొరాపుట్, రాయగడ, నవరంగపూర్ వైపు పల్లెల్లో జ్వరమొచ్చినా, కడుపు ఉబ్బినా పసిపిల్లల పొట్ట మీద కాల్చిన ఇనుముతో వాతలు పెట్టే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. వాతలు పెట్టిన పిల్లల్ని ప్రాణాల మీదకు వచ్చాక ఆస్పత్రికి తెచ్చినట్టు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. “చైనాలో కూడా కాలుస్తారట, మనదీ అలాంటిదే” అని ఎవరైనా అంటే నమ్మకండి. సెగ తగలడం వేరు, చర్మం కాలడం వేరు. ఒళ్లు కాల్చడం వైద్యం కాదు, గాయం. షుగరు వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లకు వేడి తెలియదు కాబట్టి ఈ సెగ విషయంలో కూడా జాగ్రత్త పడాలి.

గాజు కప్పులు ఇంకో పద్ధతి. కప్పులో గాలి తీసేసి వీపు మీద బోర్లిస్తే చర్మం పైకి లాగుతుంది. తీశాక గుండ్రటి ఊదారంగు మచ్చలు ఒక వారం పైనే ఉంటాయి. నొప్పి ఉండదు గానీ ఇంటికెళ్లాక చూసినవాళ్లు కంగారుపడతారు. పెళ్లికీ ఫొటోలకూ ముందు వద్దు!

ఎన్నిసార్లు వెళ్లాలి?

ఒక్కసారితో తేలే వైద్యం కాదిది. పాత నొప్పులకు సాధారణంగా వారానికి ఒకటి రెండు సార్లు చొప్పున ఆరు నుంచి పన్నెండు సార్లు రమ్మంటారు. కొందరికి మొదటి రోజే తేలిక అనిపిస్తుంది. కొందరికి ఆ రాత్రి నొప్పి కాస్త పెరిగి తర్వాత తగ్గుతుంది. చాలామందికి ఆ రోజు మత్తుగా నిద్ర వస్తుంది, కాబట్టి బండి నడిపి వెళ్లకపోవడం మంచిది. ఐదారు సార్లు వెళ్లినా ఏ మార్పూ లేకపోతే ఆపేయడమే సరైన పని. “ఇంకో ఇరవై చేస్తే తెలుస్తుంది” అంటే ఆలోచించండి. దూరం నుంచి వెళ్లే మనలాంటివాళ్లకు ఫీజు కన్నా రాకపోకలు, బస, పోయిన కూలి డబ్బు ఎక్కువవుతాయి. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

మా అమ్మమ్మ సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. నాలుగో సారికి రాత్రి నిద్ర బాగా పట్టడం మొదలైంది. పదో సారికి నొప్పి సగం తగ్గిందని తనే అంది. దొడ్లో పీట మీద కూర్చుని లేవగలుగుతోంది. కానీ మోకాలు పూర్తిగా ముడవలేదు, మెట్లు ఎక్కేటప్పుడు చేయూత కావాలి. అదే సమయంలో కుర్చీలో కూర్చుని కాలు చాపి ఎత్తే వ్యాయామం కూడా రోజూ చేయించాం. ఐదు వారాలు బరువులు మోయలేదు, పిన్ని ఇంట్లో వేళకి తిని పడుకుంది. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం నా తరం కాదు.

నిజంగా పనిచేస్తుందా?

అలా విడదీసి చెప్పడానికే పెద్ద పరీక్షలు కావాలి. జర్మనీలో ఒక పెద్ద పరీక్ష చేశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. పాత నడుము నొప్పి ఉన్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు చైనా పద్ధతి ప్రకారం సరైన బిందువుల్లో సూదులు. రెండో గుంపుకు బిందువులు కాని చోట్ల, పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులు. మూడో గుంపుకు మామూలు మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం. ఆరు నెలల తర్వాత చూస్తే, మెరుగైనవాళ్లు మొదటి గుంపులో నూటికి సుమారు 48 మంది, రెండో గుంపులో 44 మంది, మూడో గుంపులో 27 మంది.

ఈ మూడు అంకెలు జాగ్రత్తగా చూడండి. సూదులు పెట్టించుకున్నవాళ్లు మామూలు వైద్యం చేయించుకున్నవాళ్ల కన్నా బాగున్నారు. అది నిజం. కానీ సరైన చోట గుచ్చినా, ఉత్తుత్తి చోట గుచ్చినా తేడా కొంచెమే. అంటే మేలు జరుగుతోంది గానీ, ఆ మేలంతా 361 బిందువుల మహిమ వల్లే అనడానికి లేదు. సూది తగిలినప్పుడు నరాలు స్పందించడం, శరీరమే నొప్పి తగ్గించే పదార్థాలు విడుదల చేయడం, అరగంట ప్రశాంతంగా పడుకోవడం, ఒక మనిషి మన బాధను ముప్పావు గంట ఓపిగ్గా వినడం, తగ్గుతుందన్న నమ్మకం, ఇవన్నీ అందులో ఉన్నాయి. మన ఆస్పత్రుల్లో రెండు నిమిషాల్లో చీటీ రాసి పంపే తీరుతో పోల్చుకుంటే ఆ వినడం విలువ ఏమిటో తెలుస్తుంది.

దేశదేశాల వైద్య సంఘాలు కూడా ఒకే మాట మీద లేవు. బ్రిటన్‌లో ప్రభుత్వ మార్గదర్శకాలు తయారుచేసే ‘నైస్’ సంస్థ, పార్శ్వపు తలనొప్పి మళ్లీ మళ్లీ రాకుండా ఆక్యుపంక్చర్ ఆలోచించవచ్చంది. కారణం తెలియని దీర్ఘకాలపు నొప్పికి కూడా ఆలోచించవచ్చని 2021లో చెప్పింది. అదే సంస్థ కీళ్ల అరుగుదలకు మాత్రం ఇవ్వొద్దని 2022లో రాసింది. అమెరికాలో అంతర్వైద్య నిపుణుల సంఘం 2017లో నడుము నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించదగిన వాటిలో దీన్ని చేర్చింది. ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులకు మణికట్టు లోపలి వైపు ఉండే ‘నైగ్వాన్’ బిందువు ఉపయోగపడుతుందని పరీక్షల్లో తేలింది. క్యాన్సర్, క్షయ, షుగరు, కామెర్లు, మూత్రపిండాల జబ్బు, ఇవి సూదులతో నయమవుతాయి అనడానికి ఏ ఆధారమూ లేదు.

“పాతది కాబట్టి మంచిదే” అనడమూ, “పాతది కాబట్టి చెత్త” అనడమూ రెండూ తొందరపాటే. దీనికి మన కళ్ల ముందే ఒక ఉదాహరణ ఉంది. మన ఊళ్లలో మలేరియా వస్తే ఆశా అక్క ఇచ్చే మాత్రల్లో ఉండే మందు పుట్టింది చైనా మొక్క నుంచే. అది మాచిపత్రికి చుట్టం. తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత గ్రంథాల్లో జ్వరానికి చెప్పిన ఆకుల్ని వెతికి, 1600 ఏళ్ల కిందటి ఒక పుస్తకంలోని సూచన పట్టుకుని, వేడి చేస్తే గుణం పోతోందని గ్రహించి, చల్లని పద్ధతిలో ఆ మందును తీశారు. జంతువుల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షించారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత పుస్తకం దారి చూపింది, పరీక్ష దాన్ని మందుగా నిలబెట్టింది. మలేరియాకు ఆ మాత్రలే వేసుకోవాలి, సూదులు కాదు.

మన జిల్లాలవాళ్లు మరీ గుర్తుంచుకోవలసింది

నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇది. మా వీధిలో పదహారేళ్ల చెల్లి ఒకామెకు తరచూ చేతులు, కాళ్ల ఎముకల్లో భరించలేని నొప్పి. మా అమ్మమ్మకు తగ్గిందని విని, వాళ్లమ్మ కూడా అప్పు చేసి ఆ సూదులకే తీసుకెళ్దామనుకుంది. నేను ఫోన్‌లో డాక్టరమ్మను అడిగితే “ఆ వయసుకు, ఆ ప్రాంతానికి, ముందు రక్తపరీక్ష చేయించండి. నా దగ్గరికి తర్వాత” అన్నారు. ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష చేస్తే సికిల్ సెల్ జబ్బు అని తేలింది.

సికిల్ అంటే కొడవలి. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అందుకే ఆ నొప్పి. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జబ్బు. మన కొరాపుట్, రాయగడ ప్రాంతాల్లో ఇది ఎక్కువ. ఇలాంటివాళ్లు నీళ్లు బాగా తాగాలి, చలికి తట్టుకునేలా ఉండాలి, డాక్టరు రాసిన మందులు మానకూడదు, జ్వరమొస్తే ఆలస్యం చేయకూడదు. ఆ చెల్లిని ఐదు వారాలు సూదుల కోసం తిప్పి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు. ఇప్పుడు మందులు వాడుతోంది, మళ్లీ బడికి వెళ్తోంది. 2023 జూలైలో కేంద్రం ఈ జబ్బు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు వాళ్లకు పరీక్ష చేస్తున్నారు. పెళ్లికి ముందు జాతకాలతో పాటు ఈ పరీక్ష చీటీ కూడా చూసుకుంటే పుట్టబోయే పిల్లలకు మేలు.

కాబట్టి వరుస ఇది: ముందు జబ్బేమిటో తెలుసుకోవాలి, తర్వాతే సూదుల సంగతి. ఎముకల నొప్పి, ఉన్నట్టుండి బరువు తగ్గడం, రాత్రిళ్లు జ్వరం, కాలు మొద్దుబారి మూత్రం మీద అదుపు పోవడం, ఛాతీలో నొప్పి, వీటిలో ఏది ఉన్నా నేరుగా ఆస్పత్రికే.

ముందే చెప్పవలసిన సంగతులు

గర్భవతి అయితే, అయి ఉండొచ్చని అనుమానం ఉన్నా సరే, చెప్పాలి. హెగూ లాంటి కొన్ని బిందువులు గర్భిణులకు వాడరు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గాయమైతే రక్తం తొందరగా ఆగనివాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు చెప్పాలి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే కరెంటు సూదులు వద్దనాలి. ఉపవాసం ఉండి వెళ్లొద్దు. ఖాళీ కడుపుతో సూదులు పెట్టించుకుంటే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. గంట ముందు కొంచెం తిని, నీళ్లు తాగి వెళ్లండి. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా సులువుగా పైకి లేచే వదులు బట్టలు వేసుకోండి. వీపు మీద పెట్టాలంటే ఆడ సహాయకురాలు ఉండాలని అడగడం మీ హక్కు. తోడుగా వచ్చినవాళ్లను గదిలో ఉండనివ్వమని కూడా అడగొచ్చు.

ఒక అపాయం అరుదైనా తెలిసి ఉండాలి. ఛాతీ, భుజాల మీద సూది మరీ లోతుగా దిగితే ఊపిరితిత్తికి తగలొచ్చు. వైద్యం తర్వాత ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో పోటు వచ్చినా వెంటనే పెద్దాస్పత్రికి పరుగెత్తాలి.

గుమ్మం దగ్గర అడగవలసిన ఐదు ప్రశ్నలు

ఒకటి: మీరు ఎక్కడ, ఎన్నాళ్లు చదివారు? సర్టిఫికెట్ చూపిస్తారా?

రెండు: సూదులు కొత్తవేనా? మూసి ఉన్న ప్యాకెట్టు మీ కళ్ల ముందే చింపాలి. వాడినవి మీ కళ్ల ముందే గట్టి డబ్బాలో పడేయాలి. “మరగబెట్టి వాడతాం” అంటే లేచి వచ్చేయండి. ఒకరి సూది ఇంకొకరికి వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి లాంటివి అంటుకుంటాయి.

మూడు: నా జబ్బుకు ఇది ఎంతవరకు ఉపయోగం? ఎన్ని సార్లకు తేడా తెలియాలి? తెలియకపోతే ఏం చేస్తారు?

నాలుగు: మొత్తం ఎంత అవుతుంది? ముందే ప్యాకేజీ డబ్బంతా కట్టమంటే వద్దు. ఏ రోజుది ఆ రోజు.

ఐదు: నేను వాడుతున్న మందులు కొనసాగించాలా? దీనికి సరైన జవాబు ఒక్కటే: “మీ డాక్టరును అడక్కుండా ఏదీ ఆపొద్దు.” బీపీ బిళ్లలు, షుగరు బిళ్లలు, మూర్ఛ మందులు ఆపేయమనే సూది వైద్యుడి దగ్గర ఒక్క సూది కూడా పెట్టించుకోవద్దు.

ఈ ఐదు ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాసుకుని ఇంటికి తీసుకెళ్లండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు డాక్టర్ల ముందు నోరు విప్పరు. చదువుకున్న పిల్లలం పక్కన ఉన్నాం కాబట్టి వాళ్ల తరఫున అడగాల్సింది మనమే. నొప్పితో ఉన్న మనిషికి ఆశ కావాలి, నిజమే. ఆ ఆశ ఎంతవరకు పెట్టుకోవచ్చో చెప్పేవాళ్లు కూడా కావాలి.

— డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, గుడారి